సంగటిలో మాత్ర

ఝాన్సీని ఆ కొత్త ఉద్యోగం కావాలా అని అడిగితే ఊఁ అనేది, వద్దా అని అడిగినా ఊఁ అనేది. మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సు. టమోటా లారీల మధ్య ఇరుక్కుంటూ పుంగనూరు నుంచి రోజూ బస్సులో పోయొస్తుంది. కుప్పం పక్కన కొత్తగా తెరిచిన మానసిక రోగుల ఆసుపత్రికి రమ్మని ఇప్పుడు పిలుపొచ్చింది. జీతం ఎక్కువ, పనీ ఆమెకు ఇష్టమే. ఇంకా ఆలోచన దేనికని మీరంటారు. ఆమె తల్లి గంగాదేవి సంగతి తెలిస్తే అనరు.

ఇంట్లో తల్లీకూతుళ్ళు ఇద్దరే. నాలుగేండ్ల కిందట గంగాదేవికి పక్కింటివాళ్ళు తనను చంపడానికి చూస్తున్నారన్న భయం పట్టుకుంది. చెవిలో ఎవరెవరో మాట్లాడేవాళ్ళు. డాక్టరు మాత్రలు రాస్తే "నాకేమన్నా పిచ్చా?" అని విసిరికొట్టింది. కూతురేం చేసింది? మాత్రను పొడి చేసి రాగిసంగటి ముద్దలో పెట్టేసింది. కొన్నాళ్ళకు ఆ గొంతులు ఆగిపోయాయి. గంగాదేవి మళ్ళీ ఆవుకు మేత వేస్తోంది, వాడుక ఇళ్ళకు పాలు పోస్తోంది, ఆ పక్కింటివాళ్ళతోనే నవ్వుతూ మాట్లాడుతోంది. అబద్ధమైతేనేం, ఇల్లు నిలబడింది కదా అనుకుంది ఝాన్సీ. కుప్పం పోతే మాత్రం అక్కడే హాస్టల్లో ఉండాలి. ఇక ముద్దలో మాత్ర ఎవరు పెడతారు?

ఒకసారి చూసొస్తే తేలుతుందిలే అని బస్సెక్కింది. హెడ్ నర్సు కమలాక్షి వార్డంతా తిప్పి చూపించింది. తలుపులకు తాళాలున్నాయి. లోపల చూస్తే ఒకాయన రేడియో వింటున్నాడు, ఇద్దరు ఆడవాళ్ళు అనపకాయలు ఒలుస్తున్నారు. భయపడదామన్నా ఏమీ కనిపించలేదు.

"మాత్ర వద్దనేవాళ్ళకు అన్నంలో కలిపి ఇస్తారా సిస్టర్?" అని అడిగేసింది ఝాన్సీ.

కమలాక్షి నడుస్తున్నదల్లా ఆగింది. "ఆ పని మాత్రం ఈడ సేయమమ్మా. ఇది ఫలానా మాత్ర, ఇందుకిస్తాండామని సెప్పే ఇస్తాము. విసిరేస్తే మళ్ళా సెప్తాము. కూట్లో ఏందో కలిపినారని తెలిస్తే, వాళ్ళకు కూడంటేనే భయం పుడతాది. అసలే ఎవురినీ నమ్మలేని మనుసులు. మనం గూడా మోసం సేస్తే ఇంకెవురుండారు వాళ్ళకి?"

ఝాన్సీ దానికీ ఊఁ అంది. రేపటికల్లా ఏదో ఒకటి చెప్పమంది కమలాక్షి.

తిరుగు ప్రయాణమంతా బుర్ర కుతకుతలాడింది. అమ్మకు చెప్పాలా? చెబితే మాత్ర మానేస్తే? ఆ గొంతులు మళ్ళీ వస్తే? చెప్పకపోతే ఏ మొహం పెట్టుకుని ఆ వార్డులో నిలబడాలి? అసలు తాను చేసింది తప్పా, ఒప్పా? తప్పయితే అమ్మ మొహంలో ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చినట్టు? పలమనేరు దాటినా తేలలేదు, పుంగనూరులో దిగినా తేలలేదు.

ఆ సాయంత్రం కంచంలో సంగటి పెట్టి, మాత్రను పొడి చేయకుండా తల్లి అరచేతిలో పెట్టింది. నాలుగేండ్ల సంగతీ, కుప్పం వార్డులో కమలాక్షి అన్న మాటా చెప్పేసింది. చెబుతుంటే ఏడుపు ఆగలేదు.

గంగాదేవి ముద్దను చూసింది, మాత్రను చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నేనే బాగయినాననుకుంటి గదే," అంది. "మందూ మాకూ లేకుండా నా అంతట నేనే గెలిస్తినని అందరికీ సెప్పుకుంటి."

అమ్మ కోప్పడుతుందని భయపడింది ఝాన్సీ, మాత్ర విసిరేస్తుందని భయపడింది. అమ్మ దగ్గర లాక్కోవడానికి ఈ గెలుపొకటి ఉందని మాత్రం తట్టనే లేదు.

"అమ్మా, అది మానేస్తే మళ్ళీ..."

"నువ్వింకేమీ సెప్పొద్దు."

కంచాన్ని పక్కకు నెట్టింది గంగాదేవి. మాత్రను పారేయలేదు, మింగనూ లేదు. గుప్పిట్లో పెట్టుకుని గోడకానుకుని కూర్చుంది. ఎదురుగా ఝాన్సీ, ఏం చేయాలో తెలియక, ఆ గుప్పిటనే చూస్తూ కూర్చుంది.

గుప్పిట విప్పకుండానే తల్లి అడిగింది. "ఆడ, ఆ కుప్పంలో, సెప్పే ఇస్తారంటివే?"

"అవునమ్మా."

"అయితే పో. వాళ్ళకన్నా సెప్పి ఇయ్యి."