పిచ్చుక మాట తడబడింది

పాఠాల్లాగే కాలేజీలో ఏటా జరిగే వ్యాపార పోటీని కూడా ఆ ఏడు ఆన్‌లైన్లో పెట్టారు. పిల్లలు జట్టుగా కలిసి ఓ చిన్న వ్యాపారం ఆలోచించి, ఎవరిళ్ళ నుంచి వాళ్ళే కెమెరా ముందు దాన్ని వివరించాలి. నడిపే భారమంతా కామర్స్ మేడమ్ మీద పడింది. ఫైనల్ నాటి మధ్యాహ్నం ఆవిడ స్టాఫ్ రూములో ఒక్కతే కూర్చుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని, తెర మీది మొహాలు చూస్తోంది. జడ్జీలు ఇద్దరు: బ్యాంకులో రిటైరైన పెద్దాయన, బేకరీలు నడిపే ఒకావిడ.

చివరి జట్టు పిచ్చుకది. ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుందని క్లాసంతా ఆ పిల్లకు పెట్టిన పేరది. ఆమెకు తోడు పొడుగు అని అందరూ పిలిచే కుర్రాడు. లెక్కలు వాడివి, మాటలు ఆమెవి. పాత సైకిళ్ళు బాగుచేసి కాలేజీ పిల్లలకు అద్దెకివ్వడం వాళ్ళ వ్యాపారం.

"కరెంటు పోయింది మేడమ్. అయినా కంగారేం లేదు, నాన్న పనికెళ్తూ నడవలో జనరేటర్ పెట్టి వెళ్ళాడు. బయటి గోల వినపడకుండా తలుపులు, కిటికీలు అన్నీ బిగించేశాను," అంది పిచ్చుక. ఆమె వెనక మంచమ్మీద నాయనమ్మ అటు తిరిగి పడుకుని ఉంది.

"మంచి పని చేశావు. ఇక మొదలుపెట్టు," అంది మేడమ్.

మొదట్లో పిచ్చుక గడగడా చెప్పుకుపోయింది. తర్వాత చెప్పిన ముక్కే మళ్ళీ చెప్పింది. నుదురు నొక్కుకుంది. "సైకిలు... అద్దె... మేడమ్, నేను ఎక్కడున్నాను?"

"బెదిరినట్టుంది పాపం. కాసిని మంచినీళ్ళు తాగమ్మా," అని నవ్వాడు పెద్దాయన.

మేడమ్‌కు నవ్వు రాలేదు. బెదిరితే పిచ్చుక ఇంకా వేగంగా మాట్లాడుతుంది. ఆగదు. చూస్తుండగానే ఆ పిల్ల తల మెల్లగా బల్ల మీదికి వాలింది. గ్లాసు దొర్లి ఠంగున కింద పడింది. అంత చప్పుడుకీ మంచమ్మీద ముసలావిడ కదల్లేదు.

బిగించిన కిటికీలు. నడవలో జనరేటర్. మేడమ్ కుర్చీలోంచి చివాల్న లేచింది. మూసిన ఇంట్లో ఆ పొగ మనిషిని నిద్రపుచ్చినట్టే పుచ్చి ప్రాణం తీస్తుందని ఆవిడ ఎప్పుడో విన్నది. మంచి పని చేశావని మెచ్చుకున్నది తనే.

"పిచ్చుకా! లే! కిటికీ తియ్యి! బయటికి వెళ్ళు!"

పిచ్చుక వేళ్ళు కాస్త కదిలాయి. అంతే.

"పొడుగూ, వాళ్ళిల్లు నీకెంత దూరం?"

"వెనక వీధే మేడమ్. ఏమైంది దానికి?"

"జనరేటర్ పొగ నిండిపోయింది. పరుగెత్తు! దారిలో కనబడ్డవాళ్ళందర్నీ కేకెయ్యి. గభాల్న లోపలికి దూరకు, నువ్వూ పడిపోతావ్. ముందు కిటికీలు పగలగొట్టండి!"

తెర మీద వాడి గడిలో ఖాళీ కుర్చీ మిగిలింది.

మేడమ్ అంబులెన్సుకు ఫోన్ చేసింది. అవతలివాళ్ళు అడ్రసు అడిగేసరికి ఆవిడ తెర వైపు తిరిగి, ఎవరికైనా తెలుసా అని అరిచింది. ఇన్నాళ్ళుగా రోజూ తెర మీద చూస్తున్న ఆ ఇల్లు ఎక్కడుందో తనకు తెలియదు! ఇంకో జట్టులోని అమ్మాయి ఏడుస్తూనే వీధి పేరు, గుర్తులు చెప్పింది. మేడమ్ వాటిని మాట మాటగా ఫోన్లో అప్పజెప్పింది.

ఇక చూడ్డం తప్ప చేసేదేం లేదు. పిచ్చుక భుజాలు లేస్తున్నాయా? ఓసారి లేచినట్టుంది, ఓసారి లేవనట్టుంది. బేకరీ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హెడ్‌ఫోన్లో సన్నగా జనరేటర్ గురగుర ఒక్కటే వినబడుతోంది.

భళ్ళున అద్దం పగిలింది. ఎవరో కేక పెట్టారు. అంతలో పిచ్చుక గది కాస్తా తెర మీంచి మాయమైపోయింది.

"జనరేటర్ ఆపేసుంటారమ్మా, నెట్ పోయుంటుంది," అన్నాడు పెద్దాయన.

ఫోన్ మోగేదాకా మేడమ్ దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉంది.

"ఇద్దర్నీ బయటికి లాగేశాం మేడమ్," పొడుగు రొప్పుతున్నాడు. "పిచ్చుక వాంతి చేసుకుంది. కళ్ళు తెరిచింది."

"నాయనమ్మ?"

అవతల వాడు ఎవర్నో ఏదో అడుగుతున్నాడు.

"పొడుగూ, నాయనమ్మ ఎలా ఉంది?"

"ఊపిరుంది మేడమ్. లేపితే లేవట్లేదు."

మేడమ్ ఆస్పత్రికి వెళ్ళేసరికి పిచ్చుక ముక్కుకు మాస్కుతో పడుకుని ఉంది. మేడమ్‌ను చూడగానే దాన్ని పక్కకి జరిపి, "మా మార్కులు పోయినట్టేనా?" అంది. మేడమ్ మాస్కు మళ్ళీ సర్ది, మాట్లాడొద్దని తల నిమిరి, ఏడుపు ఆపుకోలేక బయటికొచ్చేసింది.

వరండాలో బెంచీ మీద పిచ్చుక నాన్న తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. లోపల ఆయన తల్లికి ఇంకా తెలివి రాలేదు.

"కిటికీలు వేసేశానంటే మంచి పని చేశావన్నానండీ," అంది మేడమ్, ఆయన మొహం చూడలేక.

"జనరేటర్ ఇంట్లో పెట్టింది నేను కదమ్మా," అన్నాడాయన. "కూర్చోండి."

ఇద్దరూ ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్నారు. తలుపు కదిలినప్పుడల్లా ఇద్దరూ లేచి నిలబడుతున్నారు. చాలాసేపటికి నర్సు తొంగిచూసింది.

"పెద్దావిడ కళ్ళు తెరిచారు. చెప్పులేవీ అని నన్ను గదమాయిస్తున్నారు."

ఆయన లోపలికి పరుగెత్తాడు. మేడమ్ కూడా లేవబోయింది గానీ, మళ్ళీ కూర్చుని పొడుగుకు ఫోన్ కలిపింది.