కోరుకునే మాటల పాఠం

మౌనిక తన ఫోన్ మోత తగ్గించి, మిగతా టీచర్లలాగే ప్రిన్సిపాల్ లీలావతి బల్ల సొరుగులో పెట్టింది. పెట్టి కదలకుండా అక్కడే నిలబడింది.

"మేడం, బాపుకు దమ్ము ఎగపోస్తున్నదట. మానుకోట దవాఖానల ఉన్నడు. జర పంపుండ్రి, ఇప్పటి రైలుకు పోత."

"పేరెంట్స్ వచ్చే రోజే దొరికిందా నీకు? వాళ్లొచ్చేదే నీ స్పానిష్ క్లాసు చూసెటందుకు. గా క్లాసు అయినంక పో. ఫోనొస్తె నేను జెప్త గదా."

చెప్తుందట! ఒళ్లు మండిపోయింది మౌనికకు. జనగామ నడిబొడ్డున ఈ బడి గోడ మీద 'స్పానిష్ కూడా' అని రంగుల్లో రాయించుకుని పిల్లల్ని చేర్చుకున్నది ఎవరిని చూపించి? అదే మనిషికి బస్సు డ్యూటీ, అన్నాల దగ్గర కాపలా, రానివాళ్ల క్లాసులు. గూడూరు దగ్గరి తండాలో మక్కచేను మీద అడవిపందులు పడకుండా మంచె ఎక్కి కాపలా కాసిన తండ్రి బీక్యా, బిడ్డను పట్నం పంపి స్పానిష్ చదివించాడు. ఆ భాష పేరుకు ఆయన నోరు తిరగలేదు. "ఏదైతేంది బిడ్డా, నీకు నచ్చింది గదా" అన్నాడంతే.

వెళ్లిపోదామా అనుకుంది. ఈ నౌకరి పోతే చుట్టుపక్కల స్పానిష్‌కు ఇంకో గడప లేదు. కాళ్లు ఆగిపోయాయి. ఆ కాళ్ల మీద కూడా కోపమొచ్చింది.

తొమ్మిదో తరగతి. గోడ వారగా తల్లిదండ్రులు. ముందు కుర్చీలో వాళ్ల కమిటీ పెద్ద వెంకట్రాం, మీసం దువ్వుకుంటూ. జరిగినదాన్ని చెప్పేటప్పుడు స్పానిష్‌లో క్రియ ఒక తీరుగా ఉంటుంది, జరగాలని కోరుకునేటప్పుడు మారిపోతుంది. ఇవాళ్టి పాఠం అదే. మౌనిక దాన్ని దీవెనలతో, శాపనార్థాలతో నేర్పుతుంది.

"మీ అవ్వ 'సల్లగుండు బిడ్డా' అంటది. కోపమొస్తె 'వాని నోట్ల మన్నువడ' అంటది. రెండూ ఇంకా జరగలే. జరగాలని అడుగుడే. స్పానిష్ల గూడ గంతే. ముందుగాల 'ఓహలా' అనాలె."

పిల్లలు పకపకా నవ్వారు. ఈ బడిలో టీచరు నోటి నుంచి ఏది రాలినా తరగతంతా గొంతెత్తి తిరిగి అనాలి. అలా అరిస్తేనే చదువు వస్తున్నట్టని తల్లిదండ్రుల నమ్మకం.

"ఓహలా వెంగా. రావాలె."

"ఓహలా వెంగా!" కప్పు ఎగిరిపోయేలా అన్నారు.

అప్పుడే స్టేషన్ వైపు నుంచి కూత వినబడింది. తను ఎక్కాల్సిన రైలు. మౌనిక నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఓహలా వివా మి పాద్రె." మా నాయన బతకాలి.

"ఓహలా వివా మి పాద్రె!"

మౌనిక వెంటనే "బాస్తా," అంది. చాలు, ఆపమని.

"బాస్తా!" అన్నారు పిల్లలు.

వద్దని చెయ్యెత్తింది. ఇంకా గట్టిగా అనమంటోందేమో అనుకున్నారు. "బాస్తా!" తల్లిదండ్రులు లేచి మరీ చప్పట్లు కొట్టారు. ఓరి దేవుడా, ఏం బతుకు ఇది!

వెంకట్రాం శాలువ కప్పాడు. "శభాష్ బిడ్డా! మా పిల్ల సాహితి ఇంట్ల గూడ గిట్లనే అదరగొడ్తది." ఒక ఫొటో. సరిగ్గా రాలేదని మరొకటి. భుజాల మీద ఆ బట్ట గొంగళిపురుగులా గుచ్చుకుంటుంటే మౌనిక పళ్లు బిగబట్టి నిలబడింది.

తర్వాత ఆఫీసు గదికి పరుగెత్తి సొరుగు లాగింది. ఫోను తెర నిండా తమ్ముడు రమేశ్ పేరే. తిరిగి చేసింది.

"అక్కా, బాపు పోయిండు. నువ్వొస్తున్నవా అని అడుగుకుంటనే పోయిండు."

వెనకాలే వచ్చిన లీలావతికి ఆమె మొహం చూడగానే అర్థమైంది. "అయ్యో! సొరుగుల ఒకటే గుర్రుమన్నది, ఇన్న. క్లాసు నడుమ పిలుస్తె ఏం బాగుంటదని..."

"ఇన్నవా?" మౌనిక సొరుగును ధడాలున మూసింది. "ఇని ఊకున్నవా? నీ నోట్ల మన్నువడ! మా బాపు పానం పోతుంటె నేను గీడ చప్పట్లు కొట్టిచ్చుకున్ననే! థూ!"

"గవేం మాటలు బిడ్డా," అన్నాడు గుమ్మంలో వెంకట్రాం.

"నన్ను బిడ్డా అనకు. నన్ను బిడ్డా అనేటాయన పోయిండు."

శాలువ లాగి లీలావతి కుర్చీ మీద పడేసి, సంచి తీసుకుని గేటు దాటింది. ఎవరూ ఆపలేదు. మానుకోటకు తర్వాతి రైలు ఎప్పుడుందో కూడా ఆమెకు తెలియదు. స్టేషన్ వైపు నడుస్తూ ఏడవలేదు, తిడుతూనే పోయింది.

లీలావతి కుర్చీ చేతి మీద శాలువ వేలాడుతోంది. దుకాణంవాడు గుచ్చిన గుండుసూది ఇంకా దాని అంచుకే ఉంది.