పాలు మాన్పించిన పెయ్య

దాణామ్మ తన మరిది గడప తొక్కి ఆరేళ్లయింది. భర్త పోయిన నెలకే ఆ మరిది ఆమెను ఆవుల కొట్టంలోంచి పంపేశాడు. "అన్నయ్యే లేడు, ఇక నీకిక్కడ పనేముంది వదినా?" అన్నాడు, పనివాళ్లందరూ వింటుండగా. పందొమ్మిదేళ్లు ఆ ఆవులను మేపి, కడిగి, పురుళ్లు పోసిన మనిషి బట్టల మూటతో రోడ్డెక్కింది. ఊరి చివర చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని, పశువుల దాణా కలిపి అమ్ముకుంటూ బతికింది. ఆ పేరు అలా వచ్చింది. కోపం ఒక్కటే ఎవరికీ అమ్మకుండా అట్టేపెట్టుకుంది.

ఆ ఏడు మరిది పశువుల ప్రదర్శనకు పనికొచ్చే దూడలను అమ్ముతున్నాడని తెలిసి, అందరితోపాటు తనూ వెళ్లింది.

"రా వదినా, రా! దాణా అమ్మడానికా, దూడను కొనడానికా?"

"కొనడానికే."

దొడ్లో ఐదు దూడలున్నాయి. నాలుగు నిగనిగలాడుతున్నాయి. ఐదోది రెండున్నర నెలల పెయ్య, బొచ్చు రేగి, డొక్కలు లోపలికి పోయి ఉంది. వచ్చినవాళ్లెవరూ దాని వంక చూడలేదు. దాణామ్మ మాత్రం అది తల్లి దగ్గర పాలు తాగడం గమనించింది. ఒక పక్క రెండు చన్నులనే మార్చి మార్చి కుడుస్తోంది. వంగి రెండోపక్క పొదుగు మీద చెయ్యి వేసింది. రాయిలా గట్టిగా, వేడిగా ఉంది. పొదుగువాపు. అవతల పాలు పితుకుతుంటే ఇంకో మూడు ఆవులు కాళ్లు ఝాడిస్తున్నాయి. పాలు పితికేవాడు ఒకే తడిగుడ్డతో అన్ని పొదుగులూ తుడుచుకుంటూ పోతున్నాడు. ఇదొక ఆవు నుంచి ఇంకో ఆవుకు పాకే జబ్బని ఆమెకు తెలుసు.

మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"ఆ బక్కదాన్నివ్వు" అంది.

మరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూపు కూడా అన్నయ్యతోనే పోయిందా వదినా? అదింకా పాలు మానలేదు. చచ్చిపోతే నన్నడగొద్దు."

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. దాణామ్మ పెయ్యనే చూస్తోంది. సూటి వెన్ను, వెడల్పు నడుము, నిటారు కాళ్లు. ఎముక మంచిదే, కడుపుకే తిండి లేదు.

ఆరేడు నెలలు తల్లి దగ్గర ఉండాల్సిన దూడ. కొని తెచ్చి షెడ్డులో కట్టేస్తే మూడు రోజులు ఒకటే అరుపు. గొంతు బొంగురుపోయింది. దాణామ్మ పక్కనే గడ్డిలో కూర్చుని, తడిపిన దాణా వేళ్లకు పూసి నోట్లో పెట్టేది. అది వేళ్లు చీకి దాణా ఉమ్మేసేది. నాలుగో రోజు వేళ్లు వదిలి బకెట్లో మూతి పెట్టింది. ఆ తర్వాత కడుపుబ్బకుండా రోజుకు నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టింది.

"తిను తల్లీ, తిను. వాడి ముందు నిలబడాలి నువ్వు."

టీకా వేయడానికి వచ్చిన పశువుల డాక్టరు పెయ్యను తడిమి చూశాడు. "తల్లికి పాలు లేవా ఏంటమ్మా? పొదుగెలా ఉంది?"

"బాగానే ఉంది" అంది దాణామ్మ, కళ్లార్పకుండా.

ఐదు నెలల తర్వాత ప్రదర్శనలో ఆ పెయ్యకే మొదటి బహుమతి వచ్చింది. మరిది తెచ్చిన దూడలను న్యాయనిర్ణేత రెండోసారి చూడను కూడా లేదు. అయినా మరిది సిగ్గుపడలేదు. వేదికెక్కి మైకందుకున్నాడు. "ఇది మా కొట్టంలో పుట్టిందే! మా ఆవుల రక్తం!" చప్పట్లు మోగాయి. దూడలు కావాలంటూ నలుగురైదుగురు అప్పుడే అతని చుట్టూ మూగారు.

దాణామ్మ మైకు తీసుకుంది.

"మా మరిది చెప్పింది నిజం. అంత చిన్నప్పుడే దీనికి పాలెందుకు మాన్పించానో కూడా వినండి. తల్లికి సగం పొదుగు చెడిపోయింది. పక్కన ఇంకో మూడింటికీ అదే జబ్బు. అక్కడ అన్ని పొదుగులకూ ఒకటే గుడ్డ. కొనేవాళ్లు ముందు పరీక్ష చేయించుకోండి."

మూగినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. మరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు. దాణామ్మ ఆ ముఖాన్ని తనివితీరా చూసింది.

వారం తిరక్కుండా డాక్టరు మరిది ఆవులను పరీక్షించి, ఆమె దగ్గరికి వచ్చాడు. "పదకొండు ఆవులకు ఉందమ్మా. నేనడిగిన రోజే చెప్పుంటే నాలుగింటితో పోయేది."

"పోయేది."

"తెలిసే చెప్పలేదా?"

"తెలిసే."

డాక్టరు సంచి తీసుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "తెల్లమూతిదానికీ సోకింది" అన్నాడు. దాన్ని పుట్టిన రోజు నుంచి ఆమే పెంచింది.

మరునాడు మరిది వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "ఆవులను చూసేవాళ్లు లేరు వదినా. నువ్వు రావాలి. ఇంకా కోపం తీరలేదా?"

"తీరలేదు. ఆవుల కోసం వస్తాను. నేనున్నంతసేపూ నువ్వు కొట్టంలో అడుగుపెట్టకూడదు."

అతను తలూపాడు.

పొద్దున్నే ఆమె వెళ్లేసరికి మరిది గేటు బయటే ఉన్నాడు. పలకరించకుండా లోపలికి నడిచింది. తెల్లమూతి పొదుగు మీద చెయ్యి వేయగానే అది నొప్పికి ఈడ్చి తన్నింది. దాణామ్మ వెల్లకిలా పడింది. మోచెయ్యి దులుపుకుని, మళ్లీ దాని పక్కనే కూర్చుంది.