పొయ్యి వెలిగాక

గుండిగలో నీళ్లు తెర్లే ముందు ఒక చప్పుడు వస్తుంది, పక్కగదిలో ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు. అది వినపడగానే అత్తమ్మ పొయ్యిలో కట్టెలు కొంచెం వెనక్కి లాగింది. చల్లటి నీళ్లలో కలిపి ఉంచిన మొక్కజొన్న పిండిని తోటి వంటావిడ పొడుగుది బేసిన్‌తో ఎత్తి సన్నటి ధారగా వంచుతుంటే, అత్తమ్మ తెడ్డు అందుకుని ఉండకట్టకుండా తిప్పసాగింది. ఆమె భుజం దాకా వచ్చే తెడ్డు అది. చేతులతో తిప్పితే జావ సగం ఉడికేసరికే రెక్కలు పడిపోతాయి. అందుకని ఎడమకాలు ముందుకు వేసి నడుంతో తిప్పేది. గాలి మళ్లి పొగ ముఖాన కొట్టింది. దగ్గుతెర వచ్చింది. తెడ్డు కొసకు గడ్డం ఆనించి, కళ్లు మూసుకుని, అది పోయేదాకా నిలబడింది.

"కలుపు" అంది పొడుగుది, తెలుగులోనే.

"కలుపుతున్నానే తల్లీ. నేర్పినదానికే నేర్పుతావా" అంది అత్తమ్మ.

నిజానికి ఆమె ఒక్క కోడలికే అత్తమ్మ. వచ్చిన కొత్తలో కోడలి పిలుపు విని వంటశాలలో ఆడవాళ్లు అదే ఆమె పేరనుకున్నారు. వాళ్ల నుంచి గేటు కాపలా ముసలాయనకు, అక్కడి నుంచి ధాన్యం గోదాము చూడ్డానికి వచ్చే బట్టతల అధికారికి పాకింది. "ఈ వయసులో నాకింతమంది అల్లుళ్లేమిటే" అని కోడలి దగ్గర నవ్వుకుంది కానీ, కాదనలేదు. ఆమె మాత్రం తక్కువ తిన్నదా? వాళ్ల పేర్లు నోరు తిరక్క పొడుగుది, నవ్వులది, మూతిముడుపుది అని తనకు తోచినట్టు పెట్టుకుంది. వాళ్లతో తెలుగులోనే మాట్లాడేది, వాళ్లు వాళ్ల భాషలో బదులిచ్చేవాళ్లు. ఉప్పు, మూత, చాలు, కలుపు, రేపు వరకు వాళ్లు నేర్చుకున్నారు. అంతకు మించి చెప్పుకోవాల్సింది ఉంటే మనవరాలిని పిలిచేవాళ్లు. ఆ పిల్లకు రెండు భాషలూ రెండు చెంపల్లో రెండు బెల్లంముక్కలు పెట్టుకున్నట్టే.

కొడుకు పాస్టరు. పెళ్లయిన కొత్తలోనే భార్యను వెంటబెట్టుకుని, వాన ముఖం చూడక పొలాలన్నీ బీటలు వారిన ఈ దేశానికి, పిల్లలకు ఇంత తిండి పెట్టి దేవుడి మాట చెప్పే పని మీద వచ్చాడు. కోడలు నర్సు. తొలికాన్పు ఇక్కడే అని తెలిసినప్పుడు, తల్లిలేని పిల్లకు పురుడెవరు పోస్తారని ఈమె బయలుదేరింది. ఆర్నెల్లుండి వద్దామనుకుంది. భర్త తాపీమేస్త్రి, ఎప్పుడో పోయాడు. జుట్టు నెరిసేదాకా బడిలో మధ్యాహ్న భోజనం వండి కొడుకునీ కూతుర్నీ ఒడ్డెక్కించిన మనిషి కావడం వల్ల, ఆవరణలో అంత పెద్ద పొయ్యి మండుతుంటే గదిలో కూర్చోలేకపోయింది. బాలింతకు పథ్యం పెట్టడానికి వచ్చింది కాస్తా ఊరి పిల్లలందరికీ జావ కాచడంలో పడింది. ఆర్నెల్లు ఎటు పోయాయో తెలియలేదు. పురుడు పోసిన పిల్లకు ఇప్పుడు పాలపళ్లు ఊడుతున్నాయి.

ఈ సాయంత్రం ఆమె వెళ్లిపోతోంది.

ఆయాసం మొదలై చాలాకాలమైంది. మొదట్లో దుమ్ము వల్లనుకున్నారు. పోయిన నెల పెద్ద ఊళ్లో డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చూసి, ఇక పొగ దగ్గరకు పోనివ్వొద్దని, మంచి ఆసుపత్రి ఉన్న చోటికి పంపించేయమని కోడలితో చెప్పాడు. స్వదేశంలో కూతురు పట్నంలో ఉంది, అక్కడికే. మళ్లీ రావడమంటే మాటలు కాదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. వంటశాలలో ఆడవాళ్లకు మాత్రం ఆమె ఇంకా చెప్పలేదు. పొద్దున చెబుదామనుకుంటే సాయంత్రానికీ, సాయంత్రం చెబుదామనుకుంటే పొద్దుటికీ జరుపుకుంటూ ఈ రోజుదాకా తెచ్చింది.

అవతల రేకుల షెడ్డులో పిల్లలు బారులు తీరి కూర్చున్నారు. కొడుకు వాక్యం చెబుతున్నాడు. ఆ భాషలో మాటకు మాట వెతుక్కుని, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు పేరుస్తాడు. తండ్రి పనితనం మాత్రం రాలేదు, ఆ గోడ ఎప్పుడూ కొంచెం వంకరగానే లేస్తుంది. పిల్లలు కళ్లార్పకుండా వింటున్నట్టే ఉంటారు, చూపులు మాత్రం గుండిగ మీద ఉంటాయి. ప్రసంగం పొడుగైతే అత్తమ్మ దగ్గర ఒక ఉపాయం ఉంది. చేతిలో మూత జారినట్టు నేల మీద పడేస్తుంది. ఆ చప్పుడుకు కొడుకు ఎక్కడున్నా సరే నేరుగా ఆమెన్‌కు వచ్చేస్తాడు.

ఇవాళ మూత పడేయలేదు. జావ సిద్ధమై, నూనె పోసి కలిపి, మంట తగ్గించాక కూడా మూత పట్టుకుని అలాగే నిలబడి విన్నది. కొడుకు రెండుసార్లు ఇటు చూశాడు. చప్పుడు రాకపోయేసరికి ఎక్కడ ఆపాలో తెలియక చెప్పిందే మళ్లీ చెప్పాడు.

వడ్డన మొదలైంది. రేకు గ్లాసులు, ప్లాస్టిక్ గిన్నెలు, కొబ్బరి చిప్పంత లోతున్న ఓ పాత డబ్బా మూత, ఏది చాపితే దానిలో గరిటెడు. వరుస మధ్యలో మనవరాలు కూడా గ్లాసు పట్టుకుని నిలబడింది. ఇంట్లో పాలు తాగమంటే ఏడిచే పిల్ల, ఇక్కడ జావ కోసం తోపులాడుతుంది. "నువ్వెందుకే ఇక్కడ" అంటే, "నా వంతు వచ్చింది నానమ్మా" అంది గంభీరంగా. అత్తమ్మ సగం గరిటె పోసింది.

షెడ్డు చివర కోడలు బల్ల వేసుకుని చంటిపిల్లల జబ్బలకు రంగుల టేపు చుట్టి చూస్తోంది. ఎరుపులో ఉంటే పరిస్థితి బాగా లేదని, పసుపైతే పరవాలేదని, ఆకుపచ్చైతే గండం గడిచిందని అర్థం. నెల నుంచి ఎరుపు దాటని ఓ పిల్లవాడిని వాళ్లమ్మ ఎత్తుకొచ్చింది. కోడలు ఒకసారి చుట్టి, నమ్మకం కుదరక మళ్లీ చుట్టి, లేచి నిలబడి కేకేసింది.

"అత్తమ్మా, పసుపు."

అత్తమ్మ గరిటె ఎత్తి చూపించింది. అంతే. ఇద్దరూ మళ్లీ పనిలో పడ్డారు.

పిల్లలు వెళ్లాక కొడుకు డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుని వంటశాల గుమ్మంలో నిలబడ్డాడు. లారీలోంచి సంచులు దించి చొక్కా అంతా పిండి.

"పంపించేస్తున్నానని కోపమా అమ్మా?"

"కోపం దేనికిరా. ఆయాసం నాది. నువ్వేమైనా తెచ్చిపెట్టావా?"

అతను గోడకు ఆనుకున్నాడు.

"నువ్వుంటే ఇక్కడ ఏదో జరుగుతున్నట్టుండేది. ఇన్నేళ్లు చెప్పానా, నా మాట విని ఒక్కరైనా మారారో లేదో తెలీదు."

"ఆ సంగతి నిన్ను పంపినాయన్ని అడుగు. నాకేం తెలుసు?" అంది ఆమె, గుండిగ అడుగు గీకుతూ. "ఇవాళ మాత్రం పొడుగైంది. పిల్లలు కూర్చోలేకపోయారు."

"నువ్వు మూత పడేయలేదు."

"పడేయలేదు" అంది.

అతను నవ్వాడు. నవ్వితే కింది పెదవి ఒక పక్కకు జారుతుంది, అచ్చం తండ్రికి లాగే. ఆమె గీకుతున్న చోటే మళ్లీ గీకింది.

అడుగున మిగిలిన మాడుచెక్కను నలుగురూ పంచుకుని తినడం వాళ్ల అలవాటు. పొయ్యి చల్లారుతుండగా చుట్టూ చేరి కూర్చున్నారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని అత్తమ్మకు తెలిసింది. ఆవరణలో గులకరాళ్లు ఏరుకుంటున్న మనవరాలిని పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"నేను చెప్పింది చెప్పినట్టు వీళ్లకు చెప్పాలి. చెప్తావా?"

పిల్ల తలూపింది.

"నానమ్మ ఇవాళ వెళ్లిపోతోందని చెప్పు. ఒంట్లో బాగాలేదు, మళ్లీ రాదని చెప్పు."

పిల్ల ఒళ్లోంచి తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి గబగబా ఏదో అంది.

నవ్వులది పకపకా నవ్వింది. పొడుగుది నోట్లో ఉన్న మాడుచెక్క బయట పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎన్నడూ పళ్లు కనిపించని మూతిముడుపుది కూడా మోకాళ్లలో ముఖం దాచుకుని భుజాలు కదిలించింది.

అత్తమ్మ ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది. అర్థం కాలేదేమోనని తనకు తాను సర్దిచెప్పుకుంది.

"సరిగ్గా చెప్పు. మీ చేతి సాయం ఎప్పటికీ మరిచిపోనని చెప్పు. నా సొంత చెల్లెళ్లే ఇంత చేయలేదని చెప్పు."

పిల్ల మళ్లీ చెప్పింది. ఈసారి వాళ్లు బుద్ధిగా తలూపి, గుండిగ వైపు చూసి, తమలో తాము ఏదో మాట్లాడుకున్నారు. పొడుగుది లేచి కట్టెలు సర్దడానికి వెళ్లింది.

అత్తమ్మ చేతిలో ముక్క అలాగే కింద పెట్టి లేచి గదికి వెళ్లిపోయింది.

వాళ్లుండేవి రెండే గదులు. ఒకదానిలో మంచాలు, దోమతెర, పిల్ల గీసిన బొమ్మలతో నిండిన గోడ. రెండోదానిలో మిగతా సంసారమంతా. కోడలు నేల మీద కూర్చుని అత్తగారి పెట్టె సర్దుతోంది. చీరల మధ్య మందుసీసా పగలకుండా తువ్వాలు చుడుతోంది.

"వెళ్లిపోతున్నానంటే నవ్వారమ్మాయ్" అంది అత్తమ్మ మంచం పట్టె మీద కూర్చుంటూ. "ఇన్నాళ్లూ ఒక పొయ్యి దగ్గర చచ్చాం. వెళ్లిపోతున్నానంటే పకపకా నవ్వారు."

"వాళ్లా? నవ్వారా?" కోడలు తువ్వాలు వదిలేసింది. "చిట్టీ, ఇలా రా."

పిల్ల తలుపు వెనకే ఉంది. రాలేదు.

"నానమ్మ చెప్పింది వాళ్లకు చెప్పావా?"

తలుపు రెక్క కొంచెం కదిలింది.

"ఏం చెప్పావు?"

"నానమ్మ గురక పెడితే గోడ మీద బల్లి పారిపోయిందని చెప్పాను."

కోడలు అత్తగారి వైపు చూడలేదు. "తర్వాత?"

"జావ ఇంకొంచెం చిక్కగా చేద్దామంటోంది అని చెప్పాను." తలుపు వెనక నుంచే, "అది నేను చెప్పను. కావాలంటే మీరే చెప్పుకోండి" అంది.

అత్తమ్మ పిల్లను లాక్కుని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుంది. తిట్టలేదు. పిల్ల చెంపకు అంటిన జావ మరకను కొంగుతో తుడిచింది. "బల్లి ఏ గోడ మీద నుంచి పారిపోయిందే?" అని అడిగింది. పిల్ల వేలు పెట్టి చూపించింది.

కోడలు లేచింది. "నేను వెళ్లి చెప్పి వస్తాను. ఇలా వెళ్లిపోతే వాళ్లేమనుకుంటారు?"

"కూర్చో."

"అది కాదు అత్తమ్మా..."

"కూర్చో అమ్మాయ్. నవ్వుతూనే ఉన్నారుగా, ఉండనీ. పొద్దున నువ్వే చెప్పు. పొయ్యి వెలిగాక చెప్పు. ముందే చెప్పావంటే వాళ్లకు కాళ్లూచేతులూ ఆడవు, అవతల పిల్లలొచ్చి కూర్చుంటారు."

కోడలు కూర్చుంది. మందుసీసాకు మళ్లీ తువ్వాలు చుట్టింది. చుట్టిందే విప్పి ఇంకోసారి చుట్టింది. ఈ రెండు గదుల్లో వాళ్లిద్దరూ పోట్లాడుకోని వారం లేదు. పిల్లకు నూనె అంటడం గురించి, టీలో పంచదార గురించి, కిటికీ తెరిచి ఉంచడం గురించి. కిటికీ ఇప్పుడు అత్తగారికి ఇష్టమైనట్టు తెరిచే ఉంది.

"దీనికి తెలుగులో ఒక కథ చెప్పందే పడుకోబెట్టకు" అంది అత్తమ్మ. "నిద్రలో వీళ్ల భాషే కలవరిస్తోంది."

"నాకు మీ కథలు రావు."

"రాకపోతే తిట్టు. తిట్లయినా తెలుగులో తిట్టు."

కోడలు నవ్వబోయి, ముఖం పెట్టెలోకి వంచింది.

ఎండ వాలేసరికి వంటశాల పని అయిపోయింది. గుండిగ బోర్లించి, కట్టెలు కప్పి, ఆడవాళ్లు కాళ్లు కడుక్కున్నారు. అత్తమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని గేటు దాకా వెళ్లింది. మామూలుగా ఆమె వంటశాల గుమ్మంలోంచే చెయ్యి ఊపేది. ఇలా గేటు దాకా రావడం వాళ్లకు వింతగా తోచినట్టు లేదు. నవ్వులది పిల్లను చూసి బల్లిలా వేళ్లు పాకిస్తూ నటించింది. పొడుగుది అత్తమ్మ భుజం మీద అంటిన బూడిదను అరచేత్తో దులిపింది. మూతిముడుపుది అప్పటికే దారి పట్టింది.

వెళ్లేముందు వెనక్కి తిరిగి ఒక మాట అనడం వాళ్ల అలవాటు. ఎప్పుడో ఈమె దగ్గర నేర్చుకున్నదే.

"రేపు" అంది పొడుగుది.

"రేపు, అత్తమ్మా" అంది నవ్వులది.

మనవరాలు పట్టుకున్న వేలిని గట్టిగా బిగించి, తలెత్తి చూసింది.

"రేపు" అంది అత్తమ్మ.

వాళ్లు మలుపు తిరిగేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

తర్వాత అంతా తొందరగానే అయిపోయింది. ఆమె స్నానం చేసి ప్రయాణపు చీర కట్టుకుని వచ్చింది. కొడుకు ప్రార్థన చేశాడు, ఎన్నడూ లేనిది రెండే మాటల్లో. గేటు ముసలాయన పెట్టె అందించాడు. లారీ మెట్టు ఎత్తుగా ఉండడంతో కోడలు వెనక నుంచి నడుం పట్టి ఎక్కించింది. ఎక్కాక ఆయాసం తీర్చుకుని, అత్తమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి పిల్ల తల నిమిరింది, ఆ చేత్తోనే కోడలి తలా నిమిరింది. లారీ కదిలింది. లేచిన దుమ్ము చాలాసేపు దారి మీద నిలబడింది.

కోడలు పిల్లను చంకనెత్తుకుని వంటశాల తలుపు గడియ పెట్టడానికి పెరటివైపు వెళ్లింది. అక్కడ దండెం మీద, అత్తమ్మ పొయ్యి దగ్గర కట్టుకునే పాత నీలం చీర ఆరేసి ఉంది. ఉతికి, పిండి, ముడతలు పోయేలా దులిపి, గాలికి జారకుండా రెండు కొసలూ ముడివేసి ఉంది. కొంగు చిరిగిన చోట పిండిసంచి గుడ్డతో వేసిన అతుకు మీద సగం చెరిగిన అక్షరాలు తడికి మళ్లీ తేలాయి, అంచు నుంచి ఒక్కో చుక్కా జారి కింద మట్టిలో ఇంకుతోంది.