వెనుకనుండి వచ్చిన కేక

శిశిరర్తువు నట్టనడుమ హిమగిరిశిఖరపరంపరలపై నుదయభానుబింబ మింకను దోఁపక ధవళనీహారపటలము దిగంతముల నేకము చేయుచుండఁగా దేవదారువులు కొమ్మలనిండ మంచు మోసి మౌనముగ నిలిచియుండెను. ఆ వేళ సైనికశిబిరసమీపమున ముప్పది కిలోమీటర్ల హిమధావనపందెమునకై పొడవైన స్కీపలకలు పాదములఁ గట్టుకొని యూఁతకఱ్ఱలు చేతఁ బట్టి నిలిచినవారిలో మొదటివాఁడు బొడ్డేపల్లి అప్పలసూరి.

శ్రీకాకుళసముద్రతీరమునఁ బుట్టి మంచనఁగా నేమో యెఱుఁగక పెరిగి సైన్యమునఁ జేరి పర్వతదళమున మంచుపై నడువ నేర్చి పదునొకండేండ్లు వరుసగా జాతీయవిజేతయైన యీ హవల్దారునకు లోకమున నొక్కటే భయము. ఆ పందెమున నొకరి వెనుక నొకరు అరనిమిష మెడముగ బయలుదేఱుదురు. మంచునఁ దీర్చిన జంటగాడిలోఁ బోవునపుడు వెనుకవాఁడు సమీపించి తప్పుకొమ్మని కేక వేసినచో ముందువాఁడు గాడి విడిచి త్రోవ యీవలయును. ఆ కేక వేయుటయే గాని వినుట యప్పలసూరి యెఱుఁగఁడు. ముప్పదితొమ్మిదేండ్ల ప్రాయమున నేఁడో ఱేపో యది వినవలసివచ్చునని వానికి గుండెదడ.

ఆ దడయే వాని కొంప ముంచెను. నల్లకంటియద్దములకు ఆవిరిపట్టి వేగము తగ్గుచున్నదని ముందునాఁడు దినమంతయు వానిఁ దీసివైచి సాధన చేసెను. మంచుపైఁ బడి మరలిన యెండ కన్నులఁ గాల్చెను. తెల్లవాఱునప్పటికి ఱెప్పలలో నిసుక పోసినట్లుండెను. వాని వెనుక నిలిచినవాఁడు సీతంపేట కొండలలోఁ బుట్టిన సవర సుక్కన్న, వాని శిష్యుఁడే, యది కనిపెట్టెను.

"కళ్ళు సింతనిప్పుల్లాగున్నాయి గురువుగోరూ. డాక్టరుకి సూపించీండి."

"నిద్దర్లేదంతే. నీ పని సూసుకో."

ఆ మొండితనమునకు మందు లేదు. తుపాకి మ్రోఁగెను, బయలుదేఱెను.

ఇరువదియవ కిలోమీటరు దాఁటఁగనే కన్నుల నీరు ధారలై లోకమంతయు నొక్క తెలుపై పోయెను. ఆ తావున గాడి కొకప్రక్కఁ గొండ, యొకప్రక్క నగాధమైన లోయ. మలుపు మలుపునకు లోయ ప్రక్క మార్చుచుండును. ఎన్ని మలుపులు గడచెనో వాఁడు మఱచెను. పాదములకుఁ దగులు గాడి యొక్కటే వాని ప్రాణాధారము.

అంతలో వెనుక నూఁతకఱ్ఱల చప్పుడు, దాని వెంటనే కేక.

"గురువుగోరూ, తప్పుకోండి!"

అప్పలసూరి యా గొంతు గుర్తించెను. తప్పుకొనకున్న నియమభంగమై పదునొకండేండ్ల పేరు మంటఁ గలియును. తప్పుకొన్నచో నా యడుగు మంచుపైఁ బడునో శూన్యమునఁ బడునో తెలియదు. కేక మరల వినవచ్చెను, ఈ మాఱు మఱింత చేరువగా. నియమము తలఁచి యెడమకాలు గాడి వెలుపలకుఁ జాఁచి, జాఁచినవాఁడే భయముచే నిలిచిపోయి, యెవ్వరికిని జెప్పని మాట బిగ్గఱగాఁ జెప్పివైచెను.

"ఏ పక్కకిరా సుక్కా? నాకు కళ్ళు కనపడ్డంలేదు!"

"కదలకండి! ఎడంపక్క లోయ! ఆ కాలు ఎనక్కి తీసీండి!"

కాలు వెనుకకుఁ దీసి కుడిప్రక్కకు జరిగి మెత్తని మంచులో మోఁకాలిలోఁతు దిగఁబడి హవల్దారు చిన్నపిల్లవానివలె నేడ్చెను. సుక్కన్న వానిని దాఁటెను, కాని పోలేదు.

"నా కేక పట్టుకుని రండి. మానను."

ఆ యేటి బిరుదు వారిద్దఱికిని దక్కక వేఱొకనికిఁ బోయెను. మిగిలిన పదికిలోమీటర్లును సుక్కన్న, యెదుట నొక్కప్రాణియైన లేని గాడిలో, తప్పుకోండి తప్పుకోండి యని గొంతు బొంగురువోవ నఱచుచు మెల్లమెల్లగా సాగెను. ఏ కేక వినఁబడునోయని పదునొకండేండ్లు వెఱచెనో యా కేక యెక్కడ నాగిపోవునోయని వెఱచుచు నప్పలసూరి దాని వెంట నడచెను.