శిఖంలో శనగలు

సిద్దిరాములు ఆ ఊరి చెరువుకు నీరటి. తూము ఎప్పుడెత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది తాతల కాలం నుంచీ వాళ్లింటి పని. బోధన్ చుట్టూ నేల ఉన్నవాళ్లంతా చెరుకు వేస్తున్న రోజులవి. సిద్దిరాములుకు మాత్రం గుంటెడు భూమి లేదు.

అరవై ఐదులో వానలు సరిగ్గా పడలేదు. చెరువు సగమే నిండింది. అయినా కార్తీకం రాగానే ఎప్పటిలాగే బాతులు దిగాయి. తెల్లటి తల మీద రెండు నల్ల గీతలున్న పెద్ద బాతులు. పగలంతా నీళ్లలో ఉండి, సాయంత్రం ఒడ్డున గడ్డి మేసేవి. ఊరివాళ్లు వాటి జోలికి వెళ్లేవారు కాదు.

సిద్దిరాములు చూపు బాతుల మీద లేదు. నీళ్లు తగ్గినచోట తేలిన నల్లటి శిఖం నేల మీద ఉంది. ఇంకాస్త నీరు దిగితే అరెకరం బయటపడుతుంది. మధ్యాహ్నాలు కట్ట మీద ఎవరూ లేని వేళ తూము జానెడు ఎత్తడం మొదలుపెట్టాడు. నీళ్లు వాగులో కలిసిపోయాయి. పక్షం రోజుల్లో నేల తేలింది, శనగలు చల్లాడు. వానల్లేక ఎండిందనుకుని ఎవరూ అడగలేదు.

నీళ్లతో పాటు చేపపిల్లలూ వాగులో కొట్టుకుపోయాయని అతను ఆలోచించలేదు. వానాకాలంలో వాటిని చెరువులో వదిలినవాడు బెస్త భీమన్న. వల వేస్తే ఒక్కటీ పడక, చావడికి వచ్చి గోడు చెప్పుకున్నాడు. సర్పంచి రాజారాం పటేలు సిద్దిరాములు వైపు తిరిగాడు.

"తూము ఏమన్న ఎత్తినవా?"

సిద్దిరాములు నోటికేది వస్తే అది అనేశాడు.

"నేను ముట్టనే లేదు పటేలా. గా బాతులే మింగినయ్ చేపలను. నా కండ్లతోటి సూసిన."

భీమన్న అతని ముఖంలోకి ఒక్కసారి చూశాడు. చావడి దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు ఊరంతా కట్టెక్కింది. డప్పులు కొట్టారు, వడిసెలలు తిప్పారు. బాతులు లేచి, చెరువు చుట్టూ తిరిగి, మళ్లీ దిగాలని చూశాయి. ఒకదానికి రాయి తగిలి గట్టున పడింది. దాని జత అరుస్తూ పైనే తిరిగింది. నలుగురూ చూస్తున్నారని అందరికంటే గట్టిగా అరిచినవాడు సిద్దిరాములే. నాలుగో రోజుకు ఒక్క పక్షి లేదు. భీమన్న కూడా వల భుజానేసుకుని, భార్యను వెంటబెట్టుకుని మంజీర వైపు వెళ్లిపోయాడు.

శనగ మొలిచింది. కానీ రోజూ పొద్దున వెళ్లేసరికి కొసలు కొరికేసి ఉండేవి. తడి మట్టిలో వెడల్పాటి కాలి ముద్రలు.

పుష్యమాసంలో సిద్దిరాములు పటేలు బండిలో బోధన్‌కు చెరుకు తోలి, తిరిగొస్తూ ఎడ్లకు నీళ్లు పట్టడానికి మంజీర ఒడ్డుకు దించాడు. ఏటి నడుమ ఇసుక తిన్నె మీద అవే బాతులు, వందల్లో ఉన్నాయి. ఒడ్డున చిన్న గుడిసె. ముందు కూర్చుని భీమన్న వల కుట్టుకుంటున్నాడు.

"రా తమ్మీ, కూసో," అన్నాడు, ఏమీ జరగనట్టు.

సిద్దిరాములు కూర్చోలేకపోయాడు. "గివి ఈడికెట్లొచ్చినయే?"

"ఏడికి పోవాలె మరి? పగలంత ఈ ఇసుకల ఉంటయి. మనుషులు లేవకముందు మన ఊరి చేన్లకు పోయి, మేసి, పొద్దు పొడిచేసరికి మర్లొస్తయి. ఎన్నడు గట్ల లేకుండె. మనం కొడితే నేర్సుకున్నయి, దొంగల్లెక్క."

'మనం' అన్నాడు భీమన్న, 'నువ్వు' అనలేదు. అది సిద్దిరాములును ఎక్కడో కోసింది.

"తూము నేనే ఎత్తిన అన్నా."

"ఎర్కే. వాగు పొంట సచ్చిన పిల్లలను సూసిన. గడ్డి తినే పక్షి చేపలనేం మింగుతది?"

"మరి గా దినం ఎందుకు చెప్పలే?"

"చెప్తే నీ పని ఊడగొడుతుండె. నీ పెండ్లాం హన్మవ్వ నిండు చూలాలాయె." భీమన్న చేతిలో వల ఆగింది. "నోరు లేనియి గద, వాటి మీదికి పోతే పోనీ అనుకున్న. గది నేను గూడ తప్పు జేసిన."

సిద్దిరాములుకు తలెత్తబుద్ధి కాలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ వారం అతను చావడిలో నిలబడి ఉన్నదంతా చెప్పాడు. మొదట ఎవరో నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. రాజారాం నీరటి పని నర్సన్నకు అప్పగించాడు. తాతల నుంచి వచ్చిన పని పోయిందని హన్మవ్వ పసిపిల్లను ఒళ్లో వేసుకుని ఏడ్చింది. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ, "గప్పుడే చెప్తే గింత గాకపోవు," అంది, అంతే.

మరో రెండేళ్లకు చెరువు నిండుగా నిండింది. సిద్దిరాములు మంజీరకు వెళ్లి భీమన్నను రమ్మని బతిమాలాడు. "ఇప్పుడు ఏరు అలవాటయింది తమ్మీ," అన్నాడు భీమన్న. బాతులు మాత్రం ఓ నలభై వచ్చాయి. అదీ పొద్దున్నే కాసేపు. కట్ట మీద మనిషి కనబడితే చాలు, లేచి ఏటి వైపు వెళ్లిపోయేవి.

పొద్దున్నే చెరుకు కొట్టే కూలికి పోతూ సిద్దిరాములు కట్ట చాటున, దిగువన, పిక్కల దాకా బురదలో నడిచేవాడు.

"సక్కగ కట్ట ఉండంగ గా బురదలకెల్లి ఎందుకే?" అని పక్క చేలోంచి నర్సన్న కేకేస్తే, గట్టిగా మాట్లాడొద్దని చెయ్యి ఊపి, తల దించుకుని ముందుకు సాగేవాడు.