మెత్తగానా, బరకగానా?

మా ఆయన చెవులు నిక్షేపంలా పనిచేస్తాయి. పిండి మర ఆడుతున్నప్పుడు మాత్రం పనిచేయవు. ఆ మాటకొస్తే అప్పుడు ఎవరి చెవులూ పనిచేయవు. మోటారు, బెల్టు, రాయి, జల్లెడ నాలుగూ కలిసి అరుస్తుంటే పక్కన పిడుగు పడినా తెలియదు. అందుకని ఆయన ఎప్పటినుంచో ఒక పద్ధతి పెట్టుకున్నారు. మర దగ్గరికి వచ్చేవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు, ఎంతవుతుంది, ఎప్పటికవుతుంది అని. ఎంతన్నది గోడమీద బోర్డులో రాసే ఉంది. కాబట్టి ఎదురుగా ఎవరి పెదవులు కదిలినా, ఫోను ఎవరు చేసినా ఆయన ఒకటే పాఠం అప్పజెప్పేస్తారు.

"సరే సరే. సాయంత్రానికి అయిపోతుంది. సంచి మీద పేరు రాసి పెట్టండి. మెత్తగానా, బరకగానా?"

ఎదురుగా ఉన్నవాళ్ళయితే వేళ్ళు నలిపి చూపిస్తే మెత్తగా అని, పిడికిలి చూపిస్తే బరకగా అని లెక్క. ఫోనులో అడిగినవాళ్ళ జవాబు ఎలాగూ వినపడదు గనక, వాళ్ళు సంచి తెచ్చినప్పుడు ఆయన మళ్ళీ అడుగుతారు. చాలాకాలం దాకా ఈ పద్ధతి ఒక్క నా దగ్గరే బెడిసికొట్టింది. మా అమ్మను ఆసుపత్రిలో చేర్చారని నేను ఏడుస్తూ ఫోను చేస్తే, సాయంత్రానికి అయిపోతుందన్నారు. మెత్తగానా బరకగానా అని కూడా అడిగారు. మా అమ్మ కోలుకుని ఇంటికొచ్చి నవ్వుకుంది గానీ, నాకు మాత్రం ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా పోలేదు.

అయితే ఒకటి చెప్పాలి. సాయంత్రానికి అన్నారంటే సాయంత్రానికి అయిపోవలసిందే. కరెంటు లేని రోజున అటక మీది తిరగలి దించి, చేత్తో విసిరి ఇచ్చిన మనిషి ఆయన. అందుకే మా వీధిలో ఎవరూ సంచి దగ్గర కూర్చోరు. పేరు రాసి పడేసి వెళ్ళిపోతారు.

కొత్త రాయి, కొత్త జల్లెడ కొనడానికి ఒక రుణ సంస్థలో అప్పు తీసుకున్నాం. నెలనెలా కట్టే వాయిదా మేము అనుకున్నదానికంటే కాస్త ఎక్కువే వచ్చింది. వడ్డీ అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాం. అంత తెలివిగలవాళ్ళం మరి.

అంతా సాఫీగా నడుస్తుండగా మోటారు కాలిపోయింది. వైండింగ్ మేస్త్రి వచ్చి, విప్పి, వాసన చూసి, "ఇది ఇక లేవదక్కా. కొత్తది కొనుక్కోవాల్సిందే" అని చెప్పి చేతులు కడుక్కున్నాడు. మర ఆగిపోయింది. సంచులు ఒక్కొక్కటే పక్క వీధి మరకు నడిచి వెళ్ళిపోయాయి. ఇంట్లో మాటలు వినపడటం మొదలయ్యాయి. వినడానికి ఒక్క మంచి మాట లేదు.

వాయిదా కొంచెం ఆలస్యంగా కడతామని చెప్పుకోవడానికి నేను ఆ రుణ సంస్థకు వెళ్ళాను. అక్కడ మా అప్పు సంగతి చూసే ఆఫీసాయన ఒకడున్నాడు. ఇస్త్రీ మడత నలగకుండా కూర్చునే రకం. కంప్యూటర్లో చూసి ముఖం ఇంత చేసుకున్నాడు.

"మీకేం భయమండీ? లోనుతో పాటు ఇన్సూరెన్స్ కూడా ఉందిగా!"

ఆ ముక్క వినడం నాకు అదే మొదలు. ఆ ఇన్సూరెన్స్ కోసం కట్టాల్సిన డబ్బు అప్పులోనే కలిపేశారట. దాని మీద కూడా మేము నెలనెలా వడ్డీ కడుతున్నామట. పోనీలే, ఇప్పుడైనా అక్కరకొచ్చిందని, "అయితే మా వాయిదాలు అదే కడుతుందన్నమాట" అన్నాను.

"కడుతుందండీ. ఉద్యోగం పోతే కడుతుంది."

"మా ఆయనకు ఉద్యోగం లేదు. మర ఆయనదే."

"అదేనండీ. అందుకే మీకు వర్తించదు."

"ఆయన్ని ఉద్యోగంలోంచి ఎవరు తీసేస్తారు? నేను తీసేస్తే వర్తిస్తుందా?"

అతను నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. అసలు ఈ ఇన్సూరెన్స్ మాకు కావాలని ఎవరడిగారని నిలదీశాను. మీవారే ఫోన్లో ఒప్పుకున్నారు, రికార్డింగ్ కూడా ఉందని అన్నాడు. ఆ అనడం కూడా, ఇంటి గుట్టేదో బయటపెట్టినట్టు గొంతు తగ్గించి అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

లేచి వచ్చేస్తుంటే తలుపు పక్కన కుండీలో ఒక పెద్ద మొక్క కనపడింది. దాని ఆకుల వెనకాల గోడకు ఒక బోర్డు. మనుషులు చదవాలని రాసిన బోర్డుకు అడ్డంగా మొక్క ఎందుకు పెడతారని నాకు అనుమానం వచ్చి, ఆకులు పక్కకు తోసి చూశాను. మా సేవల మీద అసంతృప్తి ఉంటే ఫలానా ఫిర్యాదుల కార్యాలయానికి రాయవచ్చు, రుసుము లేదు అని ఉంది. ఆఫీసాయన చూస్తుండగానే ఆ చిరునామా రాసుకున్నాను. పోతూ పోతూ కుండీని కూడా పక్కకు జరిపి వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన ఆగిపోయిన మర ముందు డబ్బా బోర్లించుకుని కూర్చుని, రాయి గాట్లలో పిండిని కుంచెతో దులుపుతున్నారు. అప్పటికే అది దులిపిన రాయే. జరిగింది చెప్పాను. ఆయన కుంచె ఆగింది.

"అప్పు తీసుకునేటప్పుడు రోజూ ఎవరో ఒకరు ఫోను చేసేవాళ్ళు. సరే అని ఉంటానేమోనే."

"మీరు ఒప్పుకుంటే నాకు చెప్పరా?"

"ఏమని ఒప్పుకున్నానో గుర్తుంటేగా చెప్పడానికి. కానీ రికార్డింగ్ ఉందంటున్నారుగా. నా గొంతే అయితే నా మాటే అయినట్టు."

"వాళ్ళు మోసం చేస్తే?"

"వాళ్ళ సంగతి నాకు తెలీదు. సరే అని తర్వాత కాదంటే నా దగ్గర సంచి ఎవరు పడేసి వెళ్తారు? వదిలెయ్. పెద్ద మిల్లులో బస్తాలెత్తే పనికి మనుషులు కావాలంట. పొద్దున వెళ్ళి అడుగుతా."

నాకు ఏడుపొచ్చింది. బస్తాలెత్తడం చిన్నపనని కాదు. ఆ మర శబ్దంలో నిలబడి, ఒంటినిండా పిండితో, ఊరందరికీ జవాబు చెప్పే మనిషి, తాను ఎప్పుడన్నారో తెలియని ఒక్క మాటకు తలవంచుకుని మర మూసేస్తానంటున్నందుకు. ఏడుపు అయ్యాక కోపమొచ్చింది. నాకు కోపమొస్తే పనులు తొందరగా అవుతాయి. ఆ పూటే ఫిర్యాదు రాసి పోస్టు చేశాను. మా ఆయనను మాత్రం, విచారణ అయ్యేదాకా మిల్లు గుమ్మం తొక్కితే నా మీద ఒట్టే అని కట్టిపడేశాను.

కొన్నాళ్ళకు ఫిర్యాదుల కార్యాలయం నుంచి విచారణకు రమ్మని కబురొచ్చింది. రుణ సంస్థ ఇచ్చిన జవాబు కూడా జత చేశారు. ఫలానా రోజు ఉదయం పదకొండు గంటలకు ఖాతాదారుకు ఫోను చేసి, అన్ని షరతులూ వివరంగా చెప్పి, ఆయన సమ్మతి తీసుకున్నామని ఉంది. పదకొండు గంటలు! నేను పగలబడి నవ్వాను. మా ఆయన కంగారుపడ్డారు.

"ఏమైందే? ఎందుకలా నవ్వుతున్నావ్?"

"పదకొండింటికి మీ మర ఏం చేస్తుంటుందండీ?"

"ఆడుతుంటుంది. అదే కదా జోరు మీదుండే వేళ."

"మరి వాళ్ళు చెప్పిన షరతులు మీకు ఎలా వినపడ్డాయి?"

"వినపడకపోయినా సరే అనే ఉంటానుగా" అన్నారు.

"నేనూ అదే అంటున్నాను!" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ రోజు నుంచీ గుండె నిబ్బరంగా ఉంది.

విచారణ గదిలో పొడవాటి బల్ల, నీళ్ళ సీసాలు, కిటికీకి సగం వేసిన తెర. బల్లకు ఒక చివర విచారించే అధికారి కూర్చుంది. నా వయసు ఆవిడే. కళ్ళద్దాలు తాడుకు కట్టి మెళ్ళో వేసుకుంది. ఎదురుగా మన ఇస్త్రీ ఆఫీసాయన. మా ఆయన నా పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసినవాడిలా కూర్చున్నారు. మోచేత్తో పొడిచినా తలెత్తలేదు.

"సమ్మతి రికార్డయి ఉంది మేడం. ఫైల్లో స్పష్టంగా రాసి ఉంది. అంతా ప్లే చేసి మీ టైము వేస్టు చేయడం ఎందుకని..." అన్నాడు ఆఫీసాయన.

"మాకు బోలెడు టైముంది" అన్నాను నేను. "మర ఆగిపోయి ఖాళీగానే ఉన్నాం. పెట్టించండి మేడం."

"పెట్టండి" అంది ఆవిడ.

అతను మీట నొక్కాడు. ఒక్కసారిగా ఆ గదిలోకి మా మర వచ్చి పడింది. నీళ్ళ సీసాలు అదిరాయనిపించింది. అధికారి కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఆఫీసాయన సౌండు తగ్గించబోతే ఆవిడ చేత్తో వద్దంది. నేను మా ఆయన వైపు చూశాను. అన్నాళ్ళ తరువాత ఆ చప్పుడు వినేసరికి ఆయన తల దానంతటదే లేచింది.

ఆ హోరు అడుగున ఒక అమ్మాయి గొంతు, చూసి చదువుతున్నట్టు, గబగబా వస్తోంది.

"సార్, మీ లోనుతో పాటు మా రుణ రక్షణ బీమా కూడా తీసుకుంటున్నారు కదా సార్?"

"సరే సరే" అని మా ఆయన గొంతు, ఆకాశమంత ఎత్తున.

ఆఫీసాయన మావైపు గర్వంగా చూశాడు.

"దీని ప్రీమియం మీ లోను మొత్తంలో కలుస్తుంది, మీకు సమ్మతమేనా సార్?"

"సాయంత్రానికి అయిపోతుంది!"

అవునన్నట్టు ఊపబోయిన ఆఫీసాయన తల సగంలో ఆగిపోయింది.

"షరతులన్నీ మీకు అర్థమయ్యాయా సార్?"

"సంచి మీద పేరు రాసి పెట్టండి! మెత్తగానా, బరకగానా?"

అక్కడ ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. మర ఒక్కటే వినపడింది. తరువాత, "థాంక్యూ సార్, మీ సమ్మతి నమోదైంది" అని పెట్టేసింది.

అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకోవడానికి అంతసేపు తుడవాల్సి వచ్చింది. తరువాత ఆఫీసాయనను అడిగింది.

"ఇది మీరు ఎప్పుడైనా విన్నారా?"

"ఫైల్లో సమ్మతి ఉంది అని రాసి..."

"విన్నారా అని అడుగుతున్నా."

అతను నీళ్ళు నమిలాడు. ఎదురుగా సీసాల్లో నీళ్ళున్నా అది వేరే నమలడం.

"సొంత పిండి మర అని అప్లికేషన్లో మీరే రాసుకున్నారు. ఉద్యోగం పోతే కట్టే బీమా ఆయనకు ఎందుకు అంటగట్టారు?" అని ఆవిడ రెండో ప్రశ్న అడిగింది. దానికి నమలడానికి నీళ్ళు కూడా మిగల్లేదు.

బీమా పేరుతో తీసుకున్నదంతా, దాని మీద వసూలు చేసిన వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలని ఆవిడ తేల్చేసింది. నేను మా ఆయన ముఖంలో సంతోషం కోసం వెతికాను. ఆయన ఎక్కడో ఆలోచనలో ఉన్నారు. మెట్లు దిగుతుంటే, "ఆ అమ్మాయి ఎవరో పాపం" అన్నారు. నాకు గెలిచిన ఆనందంలో అది సరిగా పట్టలేదు.

డబ్బు వచ్చింది. మోటారు వచ్చింది. వైండింగ్ మేస్త్రి బిగించి, "ఇక చూసుకోండన్నా" అని మీట వేశాడు. వీధి చివరిదాకా ఆ హోరు పాకింది. ఆ సంగతి ఎవరికీ వేరే చెప్పనక్కర్లేకపోయింది. అప్పటికప్పుడే సంచులతో మనుషులు రావడం మొదలుపెట్టారు. కానీ మా ఆయన వాళ్ళను ఆగమని చెయ్యి చూపి, ముందు తాను కొని తెచ్చిన గోధుమలు పోశారు. రెండు చిన్న సంచులు నింపారు, ఒకటి మెత్తగా, ఒకటి బరకగా. మర ఆపి, చేతులు దులుపుకుని, రెండూ నా ముందు పెట్టారు.

"ఇవి ఆ ఫోను చేసిన అమ్మాయికి ఇచ్చిరా. పేరు తెలీదు, అందుకే రాయలేదు."

నేను ఒంటికాలి మీద లేచాను. "మీకేమైనా మతిపోయిందా? మనల్ని ముంచాలని చూసినవాళ్ళకు పిండి కానుకా?"

"కానుక కాదే. వాళ్ళు చేసింది వాళ్ళ సంగతి. సాయంత్రానికి అయిపోతుందన్నది నేను. ఎన్ని సాయంత్రాలు పోయాయో చూడు. మెత్తగానో బరకగానో ఆ పిల్ల చెప్పలేదు, అందుకే రెండూ ఆడించా."

ఏమనడానికీ నాకు నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడం అంటే మా వీధిలో చెప్పుకోవలసిన విషయమే. సంచులు తీసుకుని బస్సెక్కాను.

నన్ను చూడగానే ఆఫీసాయన బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగాడు. ఎంతకీ లేవలేదు. తలుపు పక్కన బోర్డు స్పష్టంగా కనపడుతోంది. కుండీ ఎక్కడికో వెళ్ళిపోయింది. లోపల వరసగా ఫోన్లు మాట్లాడేవాళ్ళ బల్లలు. మూడో బల్ల దగ్గర, "చెప్పండి మేడం" అన్న గొంతు వినగానే గుర్తుపట్టాను. మా చిన్న చెల్లెలంత పిల్ల. పిండి మర వాళ్ళమని నేను చెప్పగానే ముఖం పాలిపోయింది.

"రోజుకిన్ని సరేలు తేవాలని చెప్పేవారండీ" అంది మెల్లగా. "సరే అని వినపడితే చాలు, ముందుకెళ్ళిపోవాలి. ఆ రోజు సారు చివర్లో ఏదో అడిగారు. నాకిచ్చిన కాగితంలో దానికి జవాబు లేదు. అందుకని తర్వాతి లైను చదివేశా."

నేను ఆ పిల్లను తిట్టడానికి దారిపొడవునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. సంచులు రెండూ బల్ల మీద పెట్టాను.

"ఆయన ఇంకా అదే అడుగుతున్నారమ్మా. ఇప్పుడు చెప్పు."

ఆ పిల్ల రెండు మూతులూ విప్పింది. వేళ్ళ మధ్య నలిపి చూసింది. చాలాసేపు చూసింది.

"మెత్తగా" అంది.

ఆ సంచి ఆమెకిచ్చి, బరకది చంకన పెట్టుకుని బయటికి వచ్చాను. ఆయన జవాబు కోసం ఎదురుచూస్తుంటారని రోడ్డు మీదే నిలబడి ఫోను చేశాను. అవతల మర హోరు.

"ఏవండీ, మెత్తగానే కావాలందండీ!" అని అరిచాను.

"సరే సరే. సాయంత్రానికి అయిపోతుంది" అన్నారు.

ఈసారి నాకు కోపం రాలేదు.